లామినేషన్ ఉన్న కాయితం తీసుకోరట

పోయిన వేసవిలో విజయవాడ సత్యనారాయణపురం అద్దింటి నుంచి పెనమలూరు ఫ్లాటుకు మారాం. సామాన్లు సర్దుతుంటే అటక మీంచి పదకొండు ఫైళ్లు దిగాయి. అన్నీ పేపర్ క్లిప్పింగులే. 2014 నుంచి 2024 దాకా ఏడాదికో ఫైలు. నేను పనిచేసిన సంస్థల తరఫున రాసి పంపిన ప్రెస్ నోట్లు ఏ పేపర్లో ఏ పేజీలో వచ్చాయో చూసి, కత్తిరించి, అంటించి, తేదీ వేసి దాచుకున్నవి. కొత్త ఫ్లాటులో అటక లేదు. మా ఆయన ఫైళ్ల వంక ఓసారి, నా వంక ఓసారి చూసి, ఏమీ అనకుండా చెప్పులేసుకుని బయటికి వెళ్లారు.

వీధి చివర పాత పేపర్ల కొట్టతను ప్లాస్టిక్ కవర్లన్నీ ఊడబీకి, అట్టలు విడిగా పెట్టి, కాయితాలు కాటా మీద వేశాడు. 23 కిలోలు. కిలో 12 చొప్పున 276 రూపాయలు. చిల్లర లేదని 280 చేతిలో పెట్టి, "నాలుగు రూపాయలు ఉంచుకోండి మేడమ్" అన్నాడు. పదకొండేళ్ల పీఆర్ ఉద్యోగంలో నాకు దక్కిన ఆఖరి ఇంక్రిమెంటు అదే.

ఒక్క కాయితం మాత్రం పక్కన పడేశాడు. "ఇది తీసుకోను మేడమ్. లామినేషన్ ఉంది. తడిపినా నానదు, చింపినా చిరగదు." దాన్ని మళ్లీ ఇంటికి తెచ్చుకున్నాను. దాని సంగతి తర్వాత చెప్తాను.

సర్దడంలో సాయానికి గుంటూరు నుంచి మా చెల్లెలి కూతురు వచ్చింది. నాగార్జున యూనివర్సిటీలో జర్నలిజం పూర్తి చేసి ఉంది. చేతిలో రెండు ఉద్యోగాలు. ఒకటి హైదరాబాద్‌లో పీఆర్ ఏజెన్సీ, ఇంకోటి గుంటూరులోనే ఒక కాలేజీలో పీఆర్వో, అంటే పబ్లిక్ రిలేషన్స్ ఆఫీసర్ పోస్టు. స్టీలు గిన్నెలకు పేపరు చుడుతూ అడిగింది, "పెద్దమ్మా, ఈ పనిలో తృప్తి ఉంటుందా?"

జీతం ఎంతని అడిగితే చెప్పేదాన్ని. రాత్రి ఎన్నింటికి ఇంటికొస్తావని అడిగినా చెప్పేదాన్ని. తృప్తి అనేసరికి నాలిక తడబడింది. "ఉంటుందిలే, చేసుకుంటూ పోతే అదే వస్తుంది" అన్నాను. ఒట్టి పీఆర్వో జవాబు. ఎవరూ తప్పు పట్టలేరు, ఎవరికీ పనికిరాదు. అది వెళ్లిపోయాక రెండు రోజులు ఆ జవాబు నన్నే కొరికింది. దానికి చెప్పాల్సిందేమిటో ఇక్కడ రాస్తున్నాను.

ముందు మా ఊళ్లో ఈ పనికున్న పరువు గురించి. పీఆర్వో అంటే ఒక్కొక్కరికి ఒక్కో అర్థం. సినిమా లోకంలో ఉన్నవాళ్లకు ప్రెస్ మీట్‌కి విలేకర్లను పోగేసే మనిషి. పల్లెల్లో ఆసుపత్రి పీఆర్వో అంటే బైకు మీద ఆర్‌ఎంపీల చుట్టూ తిరిగి కేసులు పంపమని బతిమాలే కుర్రాడు. నేను ఒక ప్రైవేటు ఆసుపత్రిలో చేరానని చెప్పగానే మా మేనమామ అడిగిన మొదటి ప్రశ్న, "కేసుకెంత ఇస్తారమ్మా?" నేను రాసే పని చేస్తానని చెప్తే ఆయన మొహంలో జాలి కనిపించింది.

ఏ పాఠంలోనూ లేని ఇంకో డ్యూటీ ఉంది. విజయవాడ పీఆర్వోకి దసరా పది రోజులూ ఆఫీసు ఇంద్రకీలాద్రి మీదే. మూలా నక్షత్రం రోజు అమ్మవారిని సరస్వతీ దేవి అలంకారంలో చూడాలని ఎండీగారి తోడల్లుడి కుటుంబం, వాళ్ల వియ్యంకుల కుటుంబం, వాళ్ల పక్కింటివాళ్లు దిగుతారు. ఎవరికి ఫోన్ చేస్తే పాసు దొరుకుతుందో, ఎవరికి చేస్తే దొరకదో తెలిసుండడమే పబ్లిక్ రిలేషన్స్ అని మా ఎండీగారు మనస్ఫూర్తిగా నమ్మేవారు. ఆ పది రోజులు నేను చెప్పులు చేత్తో పట్టుకుని ఎన్నిసార్లు కొండెక్కానో అమ్మవారికే తెలుసు. పుణ్యం వస్తే వచ్చుండాలి. తృప్తి మాత్రం రాలేదు.

మనవాళ్లు పబ్లిక్ రిలేషన్స్‌కి పౌర సంబంధాలు అని పేరు పెట్టారు. ప్రభుత్వ శాఖ బోర్డు మీద తప్ప ఎక్కడా వినపడదు గానీ, నాకు ఇంగ్లీషు పేరు కంటే అదే నచ్చుతుంది. పబ్లిక్ అంటే గుంపు. పౌరుడు అనగానే ఆ మనిషికి నన్ను ప్రశ్నించే హక్కు వచ్చేస్తుంది. ఈ పేరుకు తగ్గ పని నేను పదకొండేళ్లలో ఎన్నిసార్లు చేశానని లెక్కేస్తే చేతివేళ్లు ఎక్కువే.

మిగతా రోజుల్లో ఏం చేశానంటే, స్కేలు పట్టుకుని కొలిచాను.

నిజంగా స్కేలే. ముప్పై సెంటీమీటర్ల ప్లాస్టిక్ స్కేలు. పొద్దున ఆరున్నరకు పేపర్లన్నీ ముందేసుకుని, జిల్లా ఎడిషన్లలో మా ఐటెం ఎక్కడుందో వెతికి, నెలాఖరుకు రిపోర్టు తయారుచేయాలి. డబుల్ కాలమ్ ఐటెం, వెడల్పు 8 సెంటీమీటర్లు, ఎత్తు 12. అంటే 96 చదరపు సెంటీమీటర్లు. దాన్ని ఆ పేపరు యాడ్ రేటుతో గుణిస్తే, అంత జాగాలో ప్రకటన వేసుకుంటే ఎంతయ్యేదో వస్తుంది. ఆ మొత్తం చివరి కాలమ్‌లో వేసి, అడుగున టోటల్ కొట్టి, సంస్థకు ఇంత మిగిల్చానని చూపించాలి. నా జీతం పెరగాలా వద్దా అన్నది ఆ టోటల్ మీద ఆధారపడేది. 2010లో బార్సిలోనాలో పీఆర్ కొలతల నిపుణులు సమావేశమై, యాడ్ రేటుతో గుణించే ఈ లెక్క పీఆర్ విలువ కాదని తేల్చేశారు. ఆ కబురు మా ఏలూరు రోడ్డుకు ఇంకా రాలేదు.

మొదట్లో ఆ స్కేలు నాకూ ఇష్టమే. అంతకుముందు ఆరేళ్లు ఒక పత్రిక గుంటూరు డెస్కులో సబ్ ఎడిటర్‌ని. వచ్చిన వార్తల్ని కత్తిరించడమే పని. ఇటు వచ్చాక నా వార్త కత్తిరింపు లేకుండా వస్తే పండగే. ఫ్రంట్ పేజీలో చిన్న బాక్స్ ఐటెం వచ్చిన రోజున ఇంట్లో పాయసం వండాను. అయితే ఆ సంబరం మధ్యాహ్నం భోజనాల వేళకు చల్లారిపోయేది. సాయంత్రానికి రేపటి టెన్షన్ మొదలు. మళ్లీ రాత్రి తొమ్మిదింటికి డెస్కుకు ఫోన్, "అన్నా, ఒక్క సింగిల్ కాలమైనా చూడన్నా."

ఎందుకు చల్లారేదో చాలా కాలం తర్వాత, హెర్జ్‌బర్గ్ అనే అమెరికన్ మానసిక శాస్త్రవేత్త గురించి చదివినప్పుడు అర్థమైంది. 1959లో వెలువడ్డ ఒక అధ్యయనం కోసం ఆయన బృందం పిట్స్‌బర్గ్ ప్రాంతంలో 203 మంది ఇంజనీర్లను, అకౌంటెంట్లను కూర్చోబెట్టి, ఉద్యోగంలో బాగా సంతోషంగా ఉన్న సందర్భం, బాగా విసుగు పుట్టిన సందర్భం చెప్పమంది. తమాషా ఏమిటంటే ఆ రెండింటి కారణాలూ వేరువేరుగా తేలాయి. జీతం, పైఅధికారి తీరు, ఆఫీసు రూల్సు సరిగా లేకపోతే మనిషికి మండుతుంది. అవి సరిగా ఉంటే మంట తగ్గుతుంది, అంతే, తృప్తి మాత్రం రాదు. తృప్తి వచ్చేది ఒక పని సాధించినప్పుడు, దానికి గుర్తింపు దొరికినప్పుడు, పనిలోనే పస ఉన్నప్పుడు, బాధ్యత మన చేతిలో ఉన్నప్పుడు, పైకి ఎదిగినప్పుడు.

ఇందులో గుర్తింపు అన్నది మా వృత్తిలో పుట్టుకతోనే లేదు. నేను రాసిన వాక్యం చైర్మన్‌గారి నోట్లోంచి వస్తుంది, విలేకరి పేరు మీద అచ్చవుతుంది. మా నాన్న బతికున్నన్నాళ్లూ పేపరు చూసి అడిగేవారు, "ఇందులో నీ పేరెక్కడమ్మా?" నేను ఫైళ్లలో దాచుకున్నవి నాకొచ్చిన గుర్తింపులు కావు. వేరేవాళ్లకు వచ్చిన గుర్తింపును నా అటక మీద దాచాను. అందుకే కాటా మీద పడేసినప్పుడు పెద్దగా బాధ కలగలేదు.

సరే, పేరు రాదు, మరి పనిలో పస ఉందా అంటే, నేను రాసింది ఎవరి చేతికి వెళ్లింది, వాళ్లు దానితో ఏం చేశారు అన్న ప్రశ్న దగ్గరికి రావాలి. ఈ ప్రశ్న నాకు మా బాబాయి నేర్పాడు, పాపం తెలియకుండానే.

2014 చివర్లో రాజధాని ఇటువైపేనని ఖాయమయ్యాక మా కృష్ణా, గుంటూరు జిల్లాలు రెండింట్లో ఊపిరాడనంత రియల్ ఎస్టేట్. నేను డెస్కు ఉద్యోగం వదిలి ఒక వెంచర్ల కంపెనీలో చేరింది అప్పుడే. జీతం రెట్టింపు. 2015 అక్టోబరు 22న ఉద్దండరాయునిపాలెంలో శంకుస్థాపన జరిగింది. మర్నాటి నుంచి ప్రతి బ్రోషరులోనూ ఆ చోటుకు ఎన్ని నిమిషాలో రాయాలి. మా వెంచర్ గుంటూరు నుంచి సత్తెనపల్లి వెళ్లే దారిలో, పేరేచర్ల దాటాక ఉంది. మేనేజరు ఫోన్‌లో ఎవరితోనో మాట్లాడుతూనే నాకు రెండు చేతుల వేళ్లూ చూపించాడు. పది. నేను "శంకుస్థాపన స్థలానికి కేవలం పది నిమిషాల దూరంలో" అని రాశాను. కేవలం అన్న మాట నా సొంతం. ఆయన అడగలేదు.

మా బాబాయి ఆ బ్రోషరు చూసే రెండు ప్లాట్లు కొన్నాడు. పంచాయతీరాజ్‌లో రిటైరైన డబ్బు. "మన అమ్మాయే రాసింది, అబద్ధం రాస్తుందా" అని పిన్నితో అన్నాడట.

నేను ఆ మాట విన్న ఆదివారం స్కూటీ తీశాను. వెంచర్ గేటు దగ్గర టైము చూసుకుని బయల్దేరి, తాడికొండ మీదుగా, తుళ్లూరు దాటి ఉద్దండరాయునిపాలెం చేరేసరికి 52 నిమిషాలు పట్టింది. ఎక్కడా ఆగలేదు. ఒకచోట గేదెలు అడ్డొచ్చాయి, దానికో రెండు నిమిషాలు తీసేద్దాం. హెలికాప్టర్‌లో పది నిమిషాలే పడుతుందేమో, అది కొనే స్తోమత మా కస్టమర్లకు లేదు.

2019 డిసెంబరులో మూడు రాజధానుల మాట వచ్చాక ఆ చుట్టుపక్కల వెంచర్లన్నీ పడకేశాయి. అప్పటికి నేను అక్కడ మానేసి ఏడాది దాటింది. రాజధాని ఆగడం నా చేతిలో లేదు. కంపెనీ చేతిలోనూ లేదు. బాబాయి కూడా నన్ను ఒక్క మాటా అనలేదు. మొన్నామధ్య పనులు మళ్లీ మొదలయ్యాక "కాస్త కదిలిందిలేమ్మా రేటు" అని ఆయనే నాకు ధైర్యం చెప్పాడు. కానీ ఆ పది మాత్రం నాదే. ఆ నాలుగేళ్లలో నేను రాసిన వాటిలో జనం నిజంగా వాడుకున్న సమాచారం ఏదైనా ఉందంటే అదొక్కటే, అదే తప్పు.

పీఆర్ అంటేనే అబద్ధం కదా, దీనికి ఇంత బాధపడాలా అనేవాళ్లుంటారు. మా డెస్కు మిత్రులు సగం మంది ఇప్పటికీ అలాగే అంటారు. నేను ఒప్పుకోను. ఈ వృత్తి పుట్టుక అలా లేదు. 1906 అక్టోబరులో అమెరికాలో అట్లాంటిక్ సిటీ దగ్గర రైలు వంతెన మీంచి నీళ్లలో పడి యాభై మందికి పైగా చనిపోయారు. అప్పటిదాకా రైలు కంపెనీలకు తెలిసిన పద్ధతి ఒక్కటే, దాచిపెట్టడం. ఆ కంపెనీకి సలహాదారుగా ఉన్న ఐవీ లీ దాచొద్దన్నాడు. జరిగింది జరిగినట్టు రాసి పత్రికలకు ఇచ్చాడు, విలేకర్లను ఘటనాస్థలానికి తీసుకెళ్లే ఏర్పాటు చేశాడు. మొదటి ప్రెస్ నోట్ అదేనని మా పాఠాల్లో చెబుతారు. పాఠాల్లో అంతగా చెప్పనిది ఏమిటంటే, అదే ఐవీ లీ చివరి రోజుల్లో జర్మనీ రసాయనాల కంపెనీకి పనిచేశాడు. అది హిట్లర్ జమానా. 1934లో అమెరికా చట్టసభ కమిటీ ఆయన్ను పిలిచి ప్రశ్నించింది. అదే ఏడాది చనిపోయాడు. పెన్ను అదే, మనిషీ అతనే. కాబట్టి వృత్తి మంచిదా చెడ్డదా అన్న వాదన నాకు విసుగు. రాసింది ఎవరికి అక్కరకొచ్చింది అన్నదే అడగాలి.

దూరం పోనక్కర్లేదు, మన కృష్ణా జిల్లా ఎలకుర్రులో పుట్టిన కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారు ఉన్నారు. 1893లో బొంబాయిలో అమృతాంజనం మొదలుపెట్టి, సంగీత సభల్లో ఉచితంగా పంచేవారట. గంటల తరబడి కూర్చుని తల దిమ్మెక్కినవాడి చేతిలో డబ్బా పెట్టాక ఇక ప్రెస్ నోట్ ఏం రాయాలి? ఆ డబ్బులతో 1908లో ఆంధ్రపత్రిక పెట్టారు. నా దృష్టిలో తెలుగువాళ్లలో మొదటి పీఆర్వో ఆయనే. మా ఎండీగారితో ఈ మాటంటే, "అయితే మనమూ ఏదన్నా ఫ్రీగా పంచుదామా?" అన్నారు. తర్వాత నేనిక మాట్లాడలేదు.

ఆసుపత్రి ఉద్యోగంలోకి 2018లో వచ్చాను. ఇక్కడన్నా ప్లాట్లు అమ్మనక్కర్లేదు కదా అనుకున్నాను. అక్కడ నేర్చుకున్నది వేరే. అబద్ధం ఒక్కటీ లేకుండానే తప్పుడు ప్రెస్ నోట్ రాయొచ్చు. ఒక రాత్రి ఒక పేషెంటు చనిపోయాడు. బంధువులు గేటు ముందు బైఠాయించారు, అద్దం పగిలింది, చానళ్ల వాళ్లు వచ్చేశారు. పదకొండున్నరకు నన్ను పిలిచి నోట్ రాయమన్నారు. "నిబంధనల ప్రకారం చికిత్స అందించాం. పరిస్థితి విషమమని ముందే బంధువులకు తెలియజేశాం." రెండూ నిజాలే. సంతకం చేసిన ఫారాలున్నాయి. రక్తం తెప్పించడంలో నలభై నిమిషాలు ఆలస్యమైందన్న మూడో నిజం నాకు నర్సు చెప్పింది, నోట్‌లో లేదు. ఆ ఆలస్యం వల్లే ప్రాణం పోయిందని నేను అనడం లేదు, డాక్టర్లూ అనలేదు. కానీ గేటు బయట కూర్చున్న ఆ పేషెంటు తమ్ముడు అడుగుతున్నది అదే. "రక్తం ఎప్పుడొచ్చింది?" అతనికి టైము చెప్పుంటే గొడవ పెరిగేదో తగ్గేదో తెలియదు. మర్నాడు మా నోట్ అన్ని పేపర్లలోనూ వచ్చింది. నెలాఖరున దాన్నీ కొలిచాను. 110 చదరపు సెంటీమీటర్లు.

ఆ రోజు నన్ను పదకొండున్నరకు పిలిచారు చూడండి, తప్పు అక్కడుంది. ఏం చెప్పాలో పదింటికే నిర్ణయమైపోయింది. నిర్ణయమయ్యాక పిలిస్తే నేను టైపిస్టుని. నిర్ణయానికి ముందు పిలిస్తే, "సార్, ఆ టైము అడుగుతున్నారు, చెప్పేద్దాం" అని కనీసం అనగలను. ఆ తర్వాత నేను జీతం పెంచమని అడగలేదు, మీటింగులో కుర్చీ అడిగాను. ఇవ్వడానికి రెండేళ్లు పట్టింది. జీతం అడిగుంటే ఆర్నెల్లలో ఇచ్చేవాళ్లు.

ఇక లామినేషన్ కాయితం.

2024 సెప్టెంబరు 1, ఆదివారం. బుడమేరు డైవర్షన్ కాలువకు గండ్లు పడి సింగ్‌నగర్ మునిగింది. ప్రకాశం బ్యారేజీ దగ్గర కృష్ణమ్మ పొంగిపోతోంది, మర్నాటికి 11.43 లక్షల క్యూసెక్కులకు చేరింది. మా ఆసుపత్రి నీళ్లు రాని వైపుంది. పొద్దున పదింటికి మీటింగు పెట్టారు, నాకు కుర్చీ ఉంది. డయాలసిస్ ఇన్‌చార్జి సిస్టర్ లిస్టు తెచ్చింది. మొత్తం 31 మంది, అందులో 14 మంది సింగ్‌నగర్, పాయకాపురం, రాజరాజేశ్వరీపేట, వాంబే కాలనీవాళ్లు. వీళ్లు వారానికి రెండు మూడుసార్లు రావాలి. తప్పితే ఒంట్లో నీరు, పొటాషియం పేరుకుపోయి గుండె మీదికొస్తుంది. ఫోన్లు చేస్తే సగం స్విచాఫ్. కరెంటు లేదు, చార్జింగ్ లేదు.

కిడ్నీ డాక్టరుగారు ఇంగ్లీషులో నాలుగు లైన్లు రాసిచ్చారు. ద్రవాలు, పొటాషియం అధికంగా ఉన్న ఆహారం పరిమితం చేయాలని దాని సారాంశం. నేను అడిగాను, "సార్, పడవల్లో పంచే పొట్లాల్లో ఏదుంటే అది తింటారు. ఏది తినకూడదో పేరు పెట్టి చెప్పండి." ఆయన ఒక నిమిషం ఆలోచించి చెప్పారు. "అరటిపండ్లు వద్దు. కొబ్బరినీళ్లు అసలు వద్దు." మనవాళ్లు నీరసం అనగానే మొదట పట్టేది కొబ్బరినీళ్లే కదా.

డీటీపీ కుర్రాడిది పాయకాపురమే, రాలేదు. మార్కర్ తీసుకుని తెల్లకాయితం మీద చేత్తో రాశాను. ఎండీగారు భుజం మీంచి చూస్తున్నారు. "పైన మన లోగో ఉండాలి. కింద 'సామాజిక బాధ్యతగా' అని ఒక లైను." నేను ఫోన్ నంబరు పైన ఉండాలన్నాను, లోగో కింద వేద్దామన్నాను. "మన పేరు చూడకపోతే ఆ కాయితాన్ని ఎవరు నమ్ముతారమ్మా?" అన్నారు. అది తీసిపారేసే మాట కాదు. చివరికి పేషెంట్లు గుర్తుపట్టేది ఆసుపత్రి పేరు కంటే డాక్టరుగారి పేరునే కాబట్టి, నంబరు కింద ఆయన పేరు వేశాం. లోగో అడుగున. సామాజిక బాధ్యత ఎటో పోయింది.

రెండొందల జిరాక్సులు తీసి, సింగ్‌నగర్ ఫ్లైఓవర్ దగ్గర ట్రాక్టర్లలో, పడవల్లో అన్నం పొట్లాలు తీసుకెళ్తున్న కుర్రాళ్లకు ఇచ్చాం. ఫొటో తీసి వాట్సాప్‌లో వదిలాం. ఏ చానల్‌కూ పంపలేదు, ఆ మధ్యాహ్నం నాకు నిజంగా గుర్తుకే రాలేదు. ఒరిజినల్ వర్షానికి తడుస్తోందని మా గేటు దగ్గర సెక్యూరిటీ అన్న సొంత డబ్బులతో లామినేషన్ చేయించి గ్రిల్లుకు కట్టాడు.

సోమవారం రాత్రి ఇంటికి వెళ్లబోతుంటే ఆయన ఫోన్‌లో ఎవరితోనో గట్టిగా మాట్లాడుతున్నాడు. అవతల సిగ్నల్ సరిగా లేనట్టుంది. తల పైకెత్తి గ్రిల్లు వంక చూస్తూ, ఒక్కో ముక్కా కూడబలుక్కుని చదువుతున్నాడు. "అరటిపండు పెట్టొద్దు బాబూ. కొబ్బరినీళ్లు పట్టొద్దు. నోరెండితే గుక్కెడే. ఫ్లైఓవర్ దాకా తీసుకురండి, అక్కడికి మా బండి వస్తుంది. వినపడుతోందా? మళ్లీ చదవనా?"

మళ్లీ చదివాడు. నేను స్కూటీ తాళం చేతిలో పట్టుకుని చీకట్లో నిలబడి మొత్తం విన్నాను. నా వాక్యాలు అంతకుముందు మంత్రుల నోట విన్నాను, చైర్మన్ల నోట విన్నాను, టీవీ యాంకర్లు చదవగా విన్నాను. ఒళ్లు జలదరించింది మాత్రం అప్పుడే. అది నేను రాశానని ఆయనకు తెలుసో లేదో కూడా తెలియదు.

బుధవారానికి ఆ 14 మందిలో 12 మంది వచ్చారు. ఒకావిడ ఏలూరులో చుట్టాలింటికి చేరి అక్కడే చేయించుకుంది. ఇంకొకాయన ఫోను కలవలేదు. ఆ నంబరు నా దగ్గర ఇంకా ఉంది.

మా చెల్లెలి కూతురు ఇది విన్నా ఏమంటుందో నాకు తెలుసు. వరదలు రోజూ రావుగా పెద్దమ్మా, మిగతా 364 రోజుల సంగతేమిటి? న్యాయమైన ప్రశ్నే. దానికి తోడు జీతం సంగతి ఒకటి. విజయవాడలో, గుంటూరులో పీఆర్వోకిచ్చే జీతం హైదరాబాద్ ఏజెన్సీ జీతం పక్కన నిలబడదు. అద్దె కట్టలేనివాళ్లకు తృప్తి గురించి ఉపన్యాసం చెప్పడం కడుపు నిండినవాళ్ల పని, నేను చెప్పను. నచ్చిన రంగంలోనే పనిచెయ్యి, మంచి ఆశయం ఉన్న సంస్థలోనే చేరు అనే సలహా కూడా ఇవ్వను. మంచి ఆశయాలున్న చోట స్కేలు పట్టుకుని కొలిచేవాళ్లను చూశాను. ఎంచుకునేంత వెసులుబాటు చాలామందికి ఉండదు కూడా.

రోజువారీ పనిలో అది ఎలా ఉంటుందంటే, ఆసుపత్రి మానేశాక నేను సొంతంగా చేస్తున్న పనుల్లో ఒకటి గుంటూరు వైపు ఒక మిర్చి రైతుల సంఘానిది. వేసవిలో మిర్చి యార్డుకు సెలవులిస్తారు. ఆ కబురు రైతులకు చేరాలి. సంఘం కార్యదర్శిగారు రాసిన మెసేజ్ "గౌరవనీయులైన రైతు సోదరులకు తెలియజేయునది ఏమనగా" అని మొదలై, ఎండలు, హమాలీల ఇబ్బందులు, కమిటీవారి నిర్ణయం అన్నీ అయ్యాక ఏడో లైనులో తేదీ చెప్పింది. నేను తేదీ మొదటి లైనులోకి తెచ్చాను. "ఈ తేదీ తర్వాత సరుకు వేసుకుని రావద్దు." అంతే చేసింది. పల్నాడు నుంచి అరవై టిక్కీలు, అంటే మిర్చి బస్తాలు, ట్రాక్టర్లో వేసుకొచ్చినవాడికి గేటు మూసి ఉంటే ఏమవుతుందో తెలిసినవాళ్లకు ఆ ఒక్క లైను విలువ తెలుస్తుంది. రాత్రి కాపలా, ట్రాక్టరు కిరాయి, ఇష్టం లేకపోయినా కోల్డ్ స్టోరేజీ. కార్యదర్శిగారు మాత్రం కాస్త నొచ్చుకున్నారు. "మరీ మర్యాద లేకుండా ఉందేమోనమ్మా" అన్నారు. చివర్లో ఒక నమస్కారం చేర్చాను.

దానికి క్లిప్పింగు రాదు. కొలవడానికి ఏమీ లేదు. యార్డు గేటు ముందు ఆగిపోయిన ట్రాక్టర్లు ఎన్ని తగ్గాయో ఎవరూ లెక్కపెట్టరు. కానీ ఆ రాత్రి నిద్ర బాగా పట్టింది. నాకు తెలిసిన తృప్తి ఈ మోతాదులోనే ఉంటుంది. నేను రాసింది చదివాక ఒక మనిషి ఏదో ఒకటి చేయగలగాలి, కనీసం ఒక పొరపాటు మానుకోగలగాలి. అందుకు వీలున్న పని వారానికి ఒక్కటైనా దొరికే చోట కొండెక్కడాలూ, స్కేళ్లూ భరించొచ్చు. నెలలు గడిచినా ఒక్కటీ దొరకని చోట, ఎంత జీతమిచ్చినా ఫైళ్లే పెరుగుతాయి. ఆ పిల్ల కాలేజీలో చేరితే ఇంటర్వ్యూలో అడగాల్సిన ప్రశ్న, "ఫీజుల నోటీసు ఎవరు రాస్తారు సార్? అది నేను రాయొచ్చా?" ఏజెన్సీలో చేరితే నాకు ఇంకా ప్రశ్న తట్టలేదు.

కొత్త ఫ్లాటులో ఆ లామినేషన్ కాయితాన్ని ఎక్కడ పెట్టాలో తోచక వంటింటి అల్మారా తలుపుకు లోపలివైపు అతికించాను. మొన్న మా అత్తయ్య కాఫీపొడి కోసం తలుపు తీసి, కళ్లజోడు సవరించుకుని, పై నుంచి కింద దాకా చదివింది.

"అమ్మాయ్, అరటిపండు తినొద్దని ఇది నాకేనా?"

"మీకు కాదత్తయ్యా. డయాలసిస్ వాళ్లకు. వరదలప్పుడు రాసింది."

మళ్లీ చూసింది. డయాలసిస్ అన్న మాట మూడో లైనులో ఉంది. పైన పెద్ద అక్షరాల్లో నంబరు, దాని కింద డాక్టరుగారి పేరు.

"ఎవరికో ముందు చెప్పాలిగా మరి" అంది, డబ్బా మూత తీస్తూ. "నంబరుదేముంది, కిందైనా ఉంటుంది."